రాజధాని పోయిన పట్టణమునకు బ్రదుకుదెరువేది?

ఒక్క పంటనే నమ్ముకొనిన రైతునకు వాన మొగము చాటేసిన నాడు గతి లేదు. ఈ సత్యమును రాయలసీమ రైతునకు మరియొకరు బోధింపనక్కరలేదు. అతడు వేరుసెనగ సాళ్లలో కందిని విత్తును. ఒకటి ఎండినను మరియొకటి గింజ నిచ్చునని అతని ధైర్యము. రైతెరిగిన ఈ నీతిని మన పట్టణములు మాత్రము చిరకాలముగా మరచియున్నవి.

కర్నూలు చరిత్రయే ఇందులకు నిదర్శనము. రాజధానియో హైకోర్టో సీమకు దక్కవలెనని 1937 నవంబరు 16వ తేదిని శ్రీబాగు ఒడంబడిక కుదిరెను. తదనుసారముగా 1953 అక్టోబరు 1వ తేదిని కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యయ్యెను. భవనములు చాలక గుడారములలో కచేరీలు నడచిన దినములవి. మూడేండ్ల పైని ఒక నెల నిండగానే, 1956 నవంబరు 1వ తేదిని, రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. మరల 2020లో కర్నూలును న్యాయరాజధానిగా జేయుటకు శాసనమైనది. 2021 నవంబరులో దానిని ఉపసంహరించుకొనిరి. కచేరీలు రావలదని మేమనము; ఒడంబడిక వలన సంక్రమించిన హక్కును వదలుకొమ్మనియు అనము. కాని ఒక కాగితముతో వచ్చి మరియొక కాగితముతో పోవు సంపదను నమ్మి పట్టణము బ్రదుకజాలదు.

కడప వారి అనుభవము వేరొక విధమైనది. జమ్మలమడుగు ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకై 2007, 2018, 2019, 2023 సంవత్సరములలో శంకుస్థాపనలు జరిగినవి. నాలుగు మార్లు శిల నాటినంత మాత్రమున ఒక్క కొలిమియైనను వెలుగదని ప్రజలు గ్రహించిరి.

ఇప్పటి ప్రయత్నములు కొంత విశాలమైనవి. 2024 ఆగస్టు 28వ తేదిని కేంద్ర మంత్రివర్గము ఓర్వకల్లున 2,621 ఎకరములలో రు. 2,786 కోట్లతోడను, కొప్పర్తిలో 2,596 ఎకరములలో రు. 2,137 కోట్లతోడను పారిశ్రామిక క్షేత్రములను నిర్మించుటకు ఆమోదించెను. ఓర్వకల్లున విమానాశ్రయము 2021లోనే తెరవబడినది. ఇవి సంతోషింపదగినవే. అయినను పెట్టుబడులన్నియు ఒక్క తీరుగా పట్టణమును పోషింపవు. గని, శకునాల గ్రామముల చెంత 2017లో వెలసిన వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమునే చూడుడు. నేల వేల ఎకరములు. కట్టడము ముగిసిన పిమ్మట నిలుచు కొలువులు స్వల్పము. కావున ఎన్ని కోట్లు వచ్చినవని గాక, ఎందరి చేతులకు పని దొరకినదని అడుగవలయును.

ఇందు నగరపాలక సంస్థల పాత్ర యేమి? కర్నూలు పురపాలక సంఘము 1866 నాటిది. 1994లో నగరపాలక సంస్థ యైనది. కడప సంఘము 1868 నాటిది; 2004లో అట్లే మారినది. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము ఆర్థికాభివృద్ధి ప్రణాళికను పురపాలకులకు అప్పగింపదగిన విధులలో చేర్చినది. విధి కాగితముపై నున్నది. సాధనములు రాష్ట్రము చేతిలో నున్నవి. ఓర్వకల్లు నగరపు ఎల్లలకు వెలుపలిది. పారిశ్రామిక వాడల పన్నులను మౌలిక సదుపాయముల సంస్థయే వసూలు చేసి, స్థానిక సంస్థకు ఒక భాగము నిచ్చుట మన రాష్ట్రమున నున్న పద్ధతి. కార్మికుడు నగరమున కాపురముండి, నగరపు నీరు త్రాగి, నగరపు వీథిలో నడచును. అతని శ్రమవలన పుట్టిన పన్నులో నగరమునకు న్యాయమైన పాలు రావలదా? ఈ ప్రశ్నను సభ్యులు సభలో అడుగవలయును. పౌరులు వారిచేత అడిగింపవలయును.

అధికారము చాలదని చేతులు ముడుచుకొని కూర్చుండుటయు తగదు. నీరు, మురుగుకాలువలు, సంతలు, గిడ్డంగులకు త్రోవలు ఇవి నగరము చేతిలోని పనులే. తుంగభద్ర తన గోడలనొరసి పారుచుండగా వేసవిలో కుళాయి ఎండు ఊరికి ఏ వ్యాపారి ధైర్యముతో వచ్చును? జిల్లా కచేరి లేకున్నను ఆదోని ప్రత్తి వలనను, ప్రొద్దుటూరు బంగారము, బట్టల వలనను పేరెన్నిక గన్నవి. కర్నూలు సంతకు వచ్చు ఉల్లి ధర పడిపోయిన నాడు రైతు దానిని పారబోయుట మనమెరిగినదే. దానిని ఎండబెట్టి నిలువజేయు పరిశ్రమ ఆ సంత ప్రక్కనే యుండవలదా? కడప పసుపు, బేతంచెర్ల బండలు, సీమ వేరుసెనగ ముడిసరుకుగానే పొరుగూరికి పోయినచో లాభమును వానితోనే పోవును.

కడపటి మాట ధనికులకు. పంట డబ్బును ఇండ్లస్థలములలో పాతి ధర పెరుగుటకై కాచుకొనియుండుట వ్యవసాయమును కాదు, వ్యాపారమును కాదు. పది మంది రైతులు కలిసి ఒక నూనె గానుగను, ఒక శీతల గిడ్డంగిని నిలిపిన నాడు ఆ యూరికి అది చిన్న రాజధానియే. దానిని ఏ ప్రభుత్వ ఉత్తరువును హైదరాబాదునకు తరలింపజాలదు.