గుండ్లు కన్న ఊరు

వేకువజామున హైదరాబాద్ ఫిల్మ్ నగర్ గుట్టెక్కి నిలబడితే కింద బంగళాల మధ్య అక్కడక్కడ ఏనుగు గున్నల్లా ముడుచుకు పడుకున్న నల్లని ఆకారాలు కనిపిస్తాయి. తూర్పున లేత కుంకుమ ఒలకగానే అవి మెల్లగా మేల్కొంటాయి. మొదట బూడిదవన్నె, కాసేపటికి పావురాయి రెక్కల నీలం, ఎండ సోకేసరికి దోరజామ లోపలి గులాబి. రాతిగుండ్లు! ఒకదాని నెత్తిన ఇంకొకటి, దాని భుజాన మరొకటి. చిటికెన వేలితో తోస్తే దొర్లిపోతాయేమో అన్నంత నాజూగ్గా, యుగాలుగా కదలకుండా.

రాత్రికి రాత్రి కోటలు లేచి, షూటింగ్ కాగానే కూలిపోయే పేట ఇది. కొత్తగా వచ్చినవాళ్లు ఈ గుండ్లు కూడా సెట్టింగేమో అనుకుంటే తప్పు పట్టను. నేనూ ఒకసారి వేళ్లు మడిచి కొట్టి చూశాను. డొల్ల చప్పుడు రాలేదు, కణుపులే నొప్పిపుట్టాయి. అది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు. భూగర్భంలో మరిగి, చల్లారి, పైమట్టి కొట్టుకుపోయాక వెలుగు చూసింది. పగుళ్లలోకి వాననీరు దిగి మూలలను నమిలింది, ఎండ ఉల్లిపొరల్లా పొట్టు వలిచింది. ఉలి పట్టినవాడు లేడు, నునుపు మాత్రం శిల్పిది. నగరంలో వారసత్వ శిలలుగా గుర్తించిన తొమ్మిదింటిలో ఫిల్మ్ నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్‌లోని ఒబెలిస్క్, పుట్టగొడుగులాంటి టోడ్‌స్టూల్ ఉన్నాయి. పల్లెవాళ్లైతే ఇంతకంటే రుచిగల పేర్లు పెట్టేవారని నా అనుమానం.

అవును, పల్లే. ఈ వెలుగుల కొండ కాగితాల మీద ఇప్పటికీ షేక్‌పేట గ్రామం. గుట్టల దిగువన, గోల్కొండ నీడలో పుట్టిన ఊరు. 1633–34 ప్రాంతంలో, అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో, కోటకు వచ్చే బాటసారుల కోసం ఇక్కడ సరాయి కట్టారు. రెండంతస్తులు, సుమారు 30 గదులు, గుర్రాలకూ ఒంటెలకూ శాలలు, పక్కనే మసీదు. దుమ్ముకొట్టుకున్న ఒంటెలు మోకాళ్లు మడిచి కూర్చునే సాయంత్రాలు, కమానుల్లో మిణుకుమనే దీపాలు, పైన సున్నపు గోడల మీద వాలే రాగి ఎండ... ఆ కమానులు నేటికీ నిలిచే ఉన్నాయి. వాహనాల రొదలో ఎవరూ తలెత్తి చూడరు. ఉత్తరాన గుండ్ల ఒడిలో దాగిన దుర్గం చెరువు ఆ కాలంలో కోటకు తాగునీరిచ్చింది.

పైనున్న గుట్టలు మాత్రం సీతాఫలం చెట్లకూ నెమళ్లకూ వదిలేసినవే. 1960ల్లో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో వాటి మీదికి జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ వచ్చింది. 1976లో నటుడు అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి ఈ దారుల్లో మనుషులకంటే రాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఎన్ని గుండ్లు పగిలి పునాదుల్లో కలిశాయో! మంటపెట్టి, సమ్మెటతో మోది, బండను పొరలుగా లేపే వడ్డెరల పనితనం చూస్తుంటే ముచ్చటేస్తుంది, మనసు చివుక్కుమంటుంది కూడా.

మిగిలిన గుండ్ల మీద ఓ రాజు ఉన్నాడు. రాతితొండ. మామూలు రోజుల్లో రాతిరంగులో రాయై పడుంటాడు, పక్కనే కూర్చున్నా కనబడడు. జతకట్టే కాలం రాగానే చూడాలి ఆ సింగారం! నెత్తి నుంచి నడుము దాకా నిప్పుకణిక ఎరుపు, పక్కలకు కాటుక నలుపు. వేడెక్కిన బండ కొమ్మున ముందుకాళ్ల మీద లేచి, గొంతు ఉబ్బించి, తల ఆడిస్తాడు. అదే కొండ మీద మేకప్ గదుల్లో గంటల తరబడి రంగులు పూయించుకునేవాళ్లున్నారు. ఇతనికి ఒక్క ఆడతొండ చూపు చాలు, క్షణాల్లో ఒళ్లంతా రంగు పొంగుతుంది. మోజు తీరిపోతే, ఎరుపు చల్లారి మళ్లీ రాయే.

1998లో కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట జాతీయ ఉద్యానవనమైన 390 ఎకరాల్లో, చిరాన్ ప్యాలెస్ చుట్టూ, ఈ పాత ప్రపంచం కొంత ఊపిరి పీల్చుకుంటోంది. తొలకరికి అక్కడ మట్టి వాసన కమ్ముకుంటుంది, తడిసిన గుండ్లు ఏనుగు చర్మంలా నిగనిగలాడతాయి, నెమలి కేక జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా వినిపిస్తుంది.

మునిమాపు వేళ మళ్లీ అదే గుట్ట. హోర్డింగుల మీద హీరోల ముఖాలు ఒక్కసారిగా వెలిగాయి. తొండ ఆఖరి వెచ్చదనం కోసం పొట్టను బండకు ఆనించి, ఓ క్షణం అటే చూసి, పగులులోకి జారిపోయింది.