బెంజి గేర్‌బాక్సు పోలేదు, ప్లగ్గు కారుతోంది

మెర్సిడెస్ బెంజి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో 722.6 అనే రకం ఒకటుంది. 1990ల నడుమ నుంచి ఆ కంపెనీ కార్లలో విరివిగా వాడిన ఐదు గేర్ల పెట్టె అది. పుణెలో తయారై మన రోడ్లెక్కిన పాత సి-క్లాస్, ఇ-క్లాస్ ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఇదే. సరిగ్గా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు మొరాయించకుండా తిరుగుతుంది. అయితే దానికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. గేర్‌బాక్సు లోపలి ఎలక్ట్రికల్ భాగాలను బయటి వైర్లతో కలిపే 13 పిన్నుల ప్లాస్టిక్ ప్లగ్గు చుట్టూ రెండు రబ్బరు ఓ-రింగులుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి గట్టిపడి, ఆయిలు వదిలేస్తాయి.

ఆ ప్లగ్గు నాకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికింది. ఆ సంగతి తెలియక గేర్‌బాక్సే మార్పించుకున్నవాళ్లు, విసిగిపోయి బండిని తుక్కు ధరకు వదిలించుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లను చూశాకే ఇది రాయాలనిపించింది.

నేను మేడ్చల్‌లో ఉంటాను. ఉద్యోగమంతా జీడిమెట్ల పారిశ్రామికవాడలో, హైడ్రాలిక్ ప్రెస్సుల మెయింటెనెన్సులో గడిచింది. ఓ-రింగులూ ఆయిలు సీళ్లూ నాకు అన్నం పెట్టాయి. రిటైరయ్యాక 2007 మోడల్ ఇ 220 సీడీఐ, డీజిలు బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆ ఏడాది మోడలే కావాలని వెతికి కొన్నాను, కారణం తర్వాత చెబుతాను.

ఇలాంటి కార్లు ఊరి అంచుల్లో ఎందుకు ఎక్కువ కనిపిస్తాయని కొందరు అడుగుతుంటారు. మేడ్చల్, శామీర్‌పేట, తూంకుంట వైపు ఇంటి పక్కన షెడ్డు వేసుకునే జాగా ఇంకా ఉంది. దానికి తోడు ఢిల్లీ సంగతొకటి. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి పెద్ద పెద్ద డీజిలు కార్లు ఎన్ఓసీ తీసుకుని దక్షిణాదికి వచ్చాయి. మన దగ్గర పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. కొత్తలో ముప్పై నలభై లక్షలు పలికిన కారు, ఇప్పుడు కొత్త చిన్న కారు కంటే తక్కువకు వస్తుంది. కొనడం తేలికే. రిపేరు బిల్లు మాత్రం కొత్తలోని ధరను బట్టే వస్తుంది. చాలామంది బోల్తా పడేది అక్కడే.

నా బండి ఒక ఎండాకాలం మధ్యాహ్నం రాజీవ్ రహదారి మీద, శామీర్‌పేట దాటి తూంకుంట వైపు వస్తుండగా తేడా చేసింది. గట్టిగా ఒక జర్కు ఇచ్చి రెండో గేరులో ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, వేగం పెరగట్లేదు. పక్కకు తీసి, తాళం తిప్పి ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడిచింది, తర్వాత మళ్లీ అదే తంతు. దీన్ని లింప్ మోడ్ అంటారు. గేర్‌బాక్సు కంప్యూటరుకు వచ్చే సమాచారం పొంతన కుదరనప్పుడు, లోపలి భాగాలు పాడవకుండా బండిని ఒకే గేరులో కట్టేస్తుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త. ఇంటికి చేరే మాత్రం నడిపిస్తుంది.

స్కానర్ పెట్టించుకుందామని ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. అక్కడి సూపర్‌వైజరు తెర మీది ఎర్ర కోడ్లు చూసి, "లోపల ఖతం అయింది సార్, గేర్‌బాక్సు దింపాల్సిందే" అన్నాడు. రెండు లక్షల పైచిలుకు అంచనా కాగితం చేతిలో పెట్టాడు. ప్లగ్గు చూశారా అని అడిగితే, ఏ ప్లగ్గు అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఇక్కడ ఆయిలు చేసే పని అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. గేర్లు ఎప్పుడు మారాలో నిర్ణయించే కంప్యూటరు గేర్‌బాక్సులో ఉండదు, దూరంగా క్యాబిన్‌లో కాళ్ల దగ్గర తివాచీ కింద ఉంటుంది. రెంటినీ కలిపేది ఒక వైర్ల కట్ట. ఒక్కో వైరులో సన్నటి రాగి పోగులు, పోగుల నడుమ వెంట్రుకంత సందులు. ప్లగ్గు దగ్గర కారిన ఆయిలు ఆ సందుల్లోకి దూరి, దీపం వత్తిలో నూనె పైకి పాకినట్టు పాకుతుంది. ఎదురెక్కి, నెలల తరబడి ప్రయాణించి, కంప్యూటరు పిన్నుల దాకా చేరుతుంది. పిన్నుల మధ్య ఆయిలూ అందులో కొట్టుకొచ్చిన మురికీ చేరితే సెన్సార్ల సంకేతాలు తారుమారవుతాయి. కంప్యూటరుకు గేర్‌బాక్సు పిచ్చిదైపోయినట్టు కనిపిస్తుంది. స్కానర్ ఆ కంప్యూటరు మాటే మనకు వినిపిస్తుంది కాబట్టి, తెర మీద పేర్లన్నీ గేర్‌బాక్సు భాగాలవే. వాటిని నమ్మి విప్పితే లక్షలు పోతాయి.

అందుకే మొదట చూడాల్సింది కారు కింద కాదు, కారు లోపల. తాళం తీసేసి, తివాచీ ఎత్తి, కంప్యూటరుకు ఉన్న కనెక్టరు ఊడదీసి, పిన్నుల మీద తెల్లటి కాగితం అద్దండి. నా కాగితానికి ఎర్రటి మరక అంటింది. అక్కడ ఏ ఆయిలూ ఉండకూడదు. ఉన్నదంటే గేర్‌బాక్సు ఆయిలే, వచ్చిన దారి ఆ వైర్లే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఏ మెకానిక్కు ఎంత పెద్ద అంచనా రాసిచ్చినా, ఇది చేయకుండా ఒప్పుకోకండి.

ఓ-రింగు గురించి రెండు మాటలు, నాకు బాగా తెలిసిన సంగతి కనుక. రబ్బరు రింగు ఆయిలును ఆపేది తన తిరిగి లేచే గుణంతో. గాడిలో నలిపి పెడితే అది ఎప్పుడూ మళ్లీ గుండ్రంగా మారాలని తోస్తూ ఉంటుంది, ఆ తోపుడే అడ్డుకట్ట. 80, 90 డిగ్రీల ఆయిలులో ఏళ్ల తరబడి నలిగితే ఆ గుణం చచ్చిపోతుంది. రింగు చూడ్డానికి బాగానే ఉంటుంది, చీలిక ఉండదు, కానీ వేళ్ల మధ్య నొక్కితే లేవదు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోవడానికి మూలం కూడా ఓ-రింగే. అక్కడ రబ్బరును బిగదీసింది చలి. విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రబ్బరు ముక్కను ఐసు నీళ్లలో ముంచి, అది వెంటనే లేవట్లేదని అందరి ముందూ చూపించాడు. ప్రెస్సుల మీద పనిచేసేటప్పుడు కుర్రాళ్లకు నేను ఈ కథే చెప్పేవాణ్ణి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల పైన త్వరగా ముసలిదవుతుంది, వైటాన్ రకం 200 దాకా ఓర్చుకుంటుంది. బజార్లో అదే సైజుకు దొరికే ఏదో ఒక రింగు తొడిగి పని కానిచ్చేద్దామనుకునేవారికి ఈ తేడా చెప్పాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రింగు రూపాయల్లో దొరుకుతుంది, కాని ఈ పనికి మొత్తం ప్లగ్గే కొనాలి. పార్ట్ నంబరు ఎ 203 540 02 53. కొత్త రింగులు దాంతోనే వస్తాయి.

పని చేసే విధానం చెబుతాను. బండి సమతలంగా, సిమెంటు నేల మీద ఉండాలి. మట్టి నేల మీద జాకీ వద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు ఉండాలి. వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, స్టాండ్ల మీదికి దింపి, ఒకసారి చేత్తో గట్టిగా ఊపి చూశాకే కింద దూరాలి. ఇంజను పూర్తిగా చల్లారాలి, సైలెన్సరు గొట్టం పక్కనే ఉంటుంది. మా పక్కింటి కుర్రాడు బైకుల షాపులో పనిచేస్తాడు, లైటు పట్టుకోవడానికి వాణ్ణి పిలిచాను.

గేర్‌బాక్సుకు కుడివైపున, రేకు కవచం వెనక, వైర్ల కట్ట వచ్చి చేరే చోట గుండ్రటి ప్లాస్టిక్ కాలరు కనిపిస్తుంది. దాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే కనెక్టరు ఊడి చేతికొస్తుంది. నాది ఊడగానే పిన్నుల గుంటల్లోంచి ఎర్రటి ఆయిలు బొట్లు బొట్లుగా జారింది. "కాకా, ఇది వైరా, పైపా?" అన్నాడు కుర్రాడు. ప్లగ్గు నడిబొడ్డున 7 ఎంఎం తలతో ఒక చిన్న బోల్టు ఉంటుంది. అది విప్పి, ప్లగ్గును వంకర పోకుండా నిటారుగా బయటికి లాగాలి. కాస్త ఆయిలు పడుతుంది, కింద శుభ్రమైన పళ్లెం పెట్టుకుంటే ఎంత పోయిందో కొలవొచ్చు. పాత రింగులు చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన అంచు బల్లపరుపుగా అణిగి, గోటితో నొక్కితే పెళుసుగా ఉంది. కొత్త ప్లగ్గు రింగులకు అదే గేర్‌బాక్సు ఆయిలు వేలితో రాసి, గాడి శుభ్రంగా తుడిచి, నెమ్మదిగా నెట్టాను. బోల్టు బిగించేటప్పుడు బలం చూపకూడదు. అది ప్లాస్టిక్‌లోంచి పోయే బోల్టు, చేతికి ఆగినంత చాలు.

ఇంకో పని మిగిలే ఉంటుంది. వైర్లలోకి పాకిన ఆయిలు ఎక్కడికీ పోదు. రెండు కొసలనూ, కంప్యూటరు పిన్నులనూ ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాలి. కొన్ని వారాల తర్వాత మళ్లీ తివాచీ ఎత్తి చూస్తే కొంచెం ఊరి ఉంటుంది, మళ్లీ కడగాలి. క్రమంగా ఆగిపోతుంది. పోయిన ఆయిలు సరిగ్గా అంతే, కంపెనీ చెప్పిన రకమే పోయాలి. ఈ గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ ఉండదు. మూత మీద ఎర్రటి సీలుంటుంది, మట్టం చూసే పుల్ల విడిగా కొనాలి. ఆయిలు 80 డిగ్రీలకు వేడెక్కాక, ఇంజను నడుస్తుండగా, పార్కులో పెట్టి చూస్తేనే మట్టం నిజం. ఈ ఆయిలు జీవితాంతం మార్చనక్కర్లేదని మొదట్లో కంపెనీ చెప్పింది. తర్వాత తానే 60,000 కిలోమీటర్ల దగ్గర మార్చమంది. పాత బండి కొన్నవారు ఆ మొదటి మాట మరిచిపోవడం మంచిది.

కోడ్లు తుడిచి, అవుటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా నడిపాను. ఐదు గేర్లూ వరసగా, తెలియకుండా పడ్డాయి. ఆ తర్వాత లింప్ మోడ్ మళ్లీ రాలేదు. మీ బండికి వస్తే తర్వాతి అనుమానం గేర్‌బాక్సు అడుగున, ఆయిలులో మునిగి ఉండే కండక్టర్ ప్లేటు మీద. వేగం కొలిచే సెన్సార్లు దాని మీదే ఉంటాయి. అది మార్చడం పెద్ద పనే, అయినా గేర్‌బాక్సు మార్చడం కాదు. మహీంద్రా మన దేశంలో అమ్మిన రెక్స్‌టన్ ఆటోమేటిక్‌లో ఉన్నదీ బెంజి ఐదు గేర్ల పెట్టే కనుక, ఆ బండ్లవారికీ ఈ మాట వర్తిస్తుంది.

ఇప్పుడు నేను 2007 మోడలే ఎందుకు వెతికానో చెప్పాలి. ఇదే ఇ-క్లాస్‌లో 2006 మార్పులకు ముందు వచ్చిన బండ్లకు ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకులుండేవి. వాటి కోసం 2004 మేలో ప్రపంచవ్యాప్తంగా 6,80,000 కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. 2006లో ఇ-క్లాస్‌లో ఆ పద్ధతిని మానేసింది. గేర్‌బాక్సు ప్లగ్గు మారుస్తాను కానీ ఆ బ్రేకు పంపును నేను ముట్టుకోను, ఇంకెవరూ ఇంట్లో ముట్టుకోకూడదు. ఎయిర్‌బ్యాగూ అంతే. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేటు వేడికీ తేమకూ చెడి, లోహపు ముక్కలు ఎగజిమ్మి మనుషుల ప్రాణాలు తీసింది. మన ఎండల్లో ఏళ్లు గడిపిన కారుకు ఆ భయం మరీ ఎక్కువ. దాన్ని కంపెనీయే ఉచితంగా మార్చాలి. డీజిలు రైలు గొట్టం జోలికీ పోకండి, వెయ్యి బార్‌కు పైగా ఒత్తిడిలో ఉన్న డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

పాత బండ్ల లోపాల విషయంలో చట్టం మనకు పెద్దగా అండ కాదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో 110ఎ సెక్షన్ వచ్చింది, తప్పనిసరి రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాటించని కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా. కానీ అవి ఏడేళ్ల లోపు బండ్లకే, అదీ ప్రాణానికో పర్యావరణానికో హాని చేసే లోపాలకే. రబ్బరు రింగు ముసలిదవడానికి ఏడేళ్లకు మించి పడుతుంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న తెచ్చిన రిపేరు హక్కు పోర్టల్‌లో వాహనాల రంగాన్నీ చేర్చారు. నా ఉద్దేశంలో అక్కడ ప్రతి కంపెనీ తన పాత మోడళ్లలో తెలిసిన లోపాలు, పార్ట్ నంబర్లతో సహా, పెట్టి తీరాలి. ఆ సమాచారం వాళ్ల దగ్గర ఉంది. దాచుకుంటే నష్టపోయేది రెండో చేతిలో, మూడో చేతిలో బండి కొన్న మధ్యతరగతి మనిషి.

అప్పటిదాకా మీరు చేయాల్సింది ఒకటుంది. పాత లగ్జరీ కారు కొన్నారా, ఆర్సీలోని చాసిస్ నంబరుతో కంపెనీ డీలరును అడిగి, ఆ బండికి పెండింగు రీకాల్స్ ఏమున్నాయో కాగితం మీద రాయించుకోండి. ఎయిర్‌బ్యాగు పేరు అందులో ఉంటే, అది మార్చేదాకా ఆ కారులో ఇంట్లోవాళ్లను ఎక్కించకండి.