పట్టా, పాపాయి, వీసా గడువు

పెళ్లయి ఏడాది దాటిందంటే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చే ఆదివారం ఫోన్లో ఆ ప్రశ్న తప్పదు: "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" ఆ అమ్మాయి డాలస్‌లో ఎమ్మెస్ రెండో సెమిస్టర్‌లో ఉండొచ్చు, ఇండియానాలో పీహెచ్‌డీ మూడో ఏట ఉండొచ్చు. "చదువు కానివ్వండి అత్తయ్యా" అని అప్పటికి దాటేస్తుంది. ఫోన్ పెట్టేశాక మొగుడూపెళ్లాల మధ్య అదే మాట మళ్లీ మొదలవుతుంది. ముందా, తర్వాతా?

వయసు సంగతి ముందు తేల్చుకోవాలి. బీటెక్ 22కి అవుతుంది. ఒకటి రెండేళ్లు ఉద్యోగం, రెండేళ్లు ఎమ్మెస్, పరిశోధన వైపు వెళితే మరో ఐదారేళ్లు. పట్టా చేతికొచ్చేసరికి ముప్పై దాటడం మామూలే. గర్భం నిలిచే శక్తి 32 ఏళ్ల ప్రాంతంలో మెల్లగా, 37 తర్వాత వేగంగా తగ్గుతుందని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం 30 ఏళ్ల తల్లికి సుమారు వెయ్యిలో ఒకటి, 35కి మూడు నాలుగు వందల్లో ఒకటి, 40కి దాదాపు వందలో ఒకటి. 27 ఏళ్ల అమ్మాయిని "ఆలస్యమైపోతోంది" అని బెదిరించడానికి ఈ అంకెల్లో ఆధారం లేదు. 36 ఏళ్ల అమ్మాయితో "తొందరేముంది" అనడానికీ లేదు. అండాలను శీతలీకరించి దాచే పద్ధతిని 2012లో అక్కడి పునరుత్పత్తి వైద్యుల సంఘం ప్రయోగ దశ దాటినదిగా గుర్తించింది. అయితే దానికి వేల డాలర్లు కావాలి, ఫలితానికి హామీ లేదు.

చాలా జంటలు వయసు దగ్గరే లెక్క ఆపేస్తాయి. అసలు చిక్కు వీసా దగ్గర మొదలవుతుంది.

అమెరికాలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా గర్భం కారణంగా విద్యార్థినిపై వివక్ష చూపకూడదు. వైద్యులు అవసరమన్నంత కాలం సెలవివ్వాలి, తిరిగొచ్చాక పాత స్థానంలోనే చేర్చుకోవాలి. వినడానికి భరోసాగానే ఉంది. కానీ విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాకు ప్రతి సెమిస్టర్ పూర్తి కోర్సు భారం మోయాలనే షరతుంది. కాలేజీ సెలవిచ్చినంత మాత్రాన ఇమిగ్రేషన్ హోదా నిలవదు. ఈ రెంటినీ కలిపే దారి ఒకటుంది: వైద్య కారణంతో కోర్సు భారం తగ్గింపు. డాక్టరు ఉత్తరం చూసి, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని అధికారి, విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు అయిన సెవిస్‌లో ముందుగా అనుమతి నమోదు చేయాలి. అవసరమైతే ఆ సెమిస్టర్ ఒక్క కోర్సూ లేకుండా కూడా ఉండొచ్చు. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలలే ఈ వెసులుబాటు, అదీ సెమిస్టర్ సెమిస్టర్‌కీ కొత్తగా అడగాలి. అనుమతి రాకముందే కోర్సు వదిలేస్తే హోదా పోతుంది. అందుకే గైడ్‌కు చెప్పడానికి మొహమాటపడినా ఆ కార్యాలయానికి మాత్రం తొలి నెలల్లోనే చెప్పాలి.

ప్రయోగశాలలో పనిచేసే అమ్మాయిలకు ఇంకో కారణం కూడా ఉంది. రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసే స్త్రీ తాను గర్భవతినని రాతపూర్వకంగా తెలిపితేనే, గర్భకాలం మొత్తానికి 5 మిల్లీసీవర్ట్‌ల కఠినమైన పరిమితి వర్తిస్తుంది. చెప్పడం ఆమె ఇష్టం. చెప్పకపోతే మామూలు ఉద్యోగుల పరిమితే. మూడు నెలలు నిండేదాకా నోరు విప్పకూడదన్న మన ఆనవాయితీ ఇక్కడ బిడ్డకు మేలు చేయదు.

భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసాకు అనుబంధంగా దొరికే హెచ్-4 మీద వచ్చి చదువుకునే అమ్మాయిల పరిస్థితి వేరు, చాలామంది గమనించని సులువు అందులో ఉంది. హెచ్-4లో ఉంటూ చదివేవారికి పూర్తి భారం షరతు లేదు. ఒక సెమిస్టర్ ఆగినా వీసాకు నష్టం లేదు. చదువుకు అనుబంధంగా వచ్చే ఓపీటీ ఉద్యోగ అనుమతి కావాలంటే మాత్రం ఎఫ్-1కి మారక తప్పదు. కాబట్టి ఎమ్మెస్ ఆలోచన, బిడ్డ ఆలోచన రెండూ ఉన్న జంట, హోదా మార్చుకోవడానికి ముందే కాన్పు జరిగేలా చూసుకోవడం తెలివైన పని.

"చదువైపోయాకే హాయిగా" అనే మాటను ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. పట్టా వచ్చిన వెంటనే ఓపీటీ మొదలవుతుంది. ఆ కాలంలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులు. సైన్సు, ఇంజినీరింగ్ వారికి పొడిగింపు దొరికితే మరో 60. నిండు గర్భంతోనో పచ్చి బాలింతగానో ఇంటర్వ్యూలకు తిరగాల్సిన కాలమది. ఉద్యోగం దొరికినా, 1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టం ఇచ్చే 12 వారాల జీతం లేని సెలవు కావాలంటే కనీసం 50 మంది ఉద్యోగులున్న సంస్థలో 12 నెలలు, 1,250 గంటలు పనిచేసి ఉండాలి. మొదటి ఏడాది ఉద్యోగికి అది అందదు. జీతంతో కూడిన సెలవుకు కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో పథకాలున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి రాష్ట్ర పథకం లేదు.

ఈ నిబంధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండేళ్ల ఎమ్మెస్ మధ్యలో కాన్పు కష్టం, పట్టా తర్వాతి మొదటి ఏడాది ఇంకా కష్టం. పీహెచ్‌డీ చేసే అమ్మాయికి కోర్సులు, అర్హత పరీక్ష ముగిసి థీసిస్ రాతలో పడిన కాలం తరచూ వీటికన్నా మేలు. వేళలు ఆమె చేతిలో ఉంటాయి, విద్యార్థి బీమా కొనసాగుతుంది. ఆ బీమాలు సాధారణంగా ప్రసూతి ఖర్చును భరిస్తాయి. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపే చాలా బీమాల్లో పేరు చేర్పించాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రత్యేక విధానాలు కూడా తెచ్చాయి. స్టాన్‌ఫోర్డ్ 2006లోనే పరిశోధక విద్యార్థినులకు కాన్పు సమయపు వెసులుబాటు ప్రకటించింది.

పౌరసత్వం కోసం తేదీలు లెక్కపెట్టుకునే వారూ ఉన్నారు. 2025 జనవరి 20న వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు, తాత్కాలిక వీసాల మీదున్న తల్లిదండ్రుల పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం నిరాకరించాలంది. వెంటనే వ్యాజ్యాలు పడ్డాయి, కింది కోర్టులు నిలిపివేశాయి. ఇలాంటి కదిలే నేల మీద బిడ్డను కనే ఏడాదిని నిర్ణయించుకోకూడదు.

స్వదేశంలో నిబంధనలు కొంత దయగా ఉన్నాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే స్త్రీకి 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు, గడువులో అదనంగా రెండేళ్లు దొరుకుతాయి. 2023లో ఒక ఎం.ఎడ్. విద్యార్థిని కేసులో, ఉన్నత విద్యా హక్కుకూ మాతృత్వానికీ మధ్య ఒకటి తేల్చుకోమని స్త్రీని బలవంతపెట్టరాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. హైదరాబాదులో పరిశోధన చేస్తూ తర్వాత అమెరికా వెళ్లాలనుకునే జంటలు ఈ వెసులుబాటును లెక్కలోకి తీసుకోవాలి.

నిబంధనలేవీ లేని కాలంలో ఈ దారి నడిచిన తెలుగు స్త్రీ ఒకరున్నారు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలితకు పదిహేనో ఏట పెళ్లయింది. 1937 సెప్టెంబరులో కూతురు పుట్టింది, ఆ పాపకు నాలుగు నెలలప్పుడు భర్త పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఆచార్యులు. వైద్యం చదివితే అర్ధరాత్రి పిలుపులొస్తాయి, పసిదాన్ని వదిలి పరుగెత్తాలి. అందుకని ఆమె ఇంజినీరింగ్ ఎంచుకున్నారు. 1943లో చదువు ముగించి, దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరు అయ్యారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు హాజరయ్యారు. ఆమె పట్టుదల గొప్పది. దానితోపాటు మద్రాసులో పుట్టిల్లు, కలకత్తాలో సోదరుడి ఇల్లు ఆమెకు అండగా నిలిచిన సంగతీ గుర్తుంచుకోవాలి.

డాలస్‌లో ఆ పుట్టిల్లు బీ-2 సందర్శక వీసా మీద వస్తుంది. మామూలుగా ఆరు నెలలుండనిస్తారు కాబట్టి, పురుడు పోయడానికి అమ్మ ఒక ఆరు నెలలు, ఆ తర్వాత అత్తగారు ఒక ఆరు నెలలు అన్నది మన వాళ్లలో ఆచారమైపోయింది. వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే నెలలు పట్టొచ్చు, ఐదో నెల రాకముందే దరఖాస్తు పెట్టడం మంచిది. బిడ్డను కొన్నాళ్లు ఇండియా పంపే ఆలోచనుంటే, పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి.

ఈ లెక్కలో తండ్రి ఎక్కడున్నాడు? మేరీ ఆన్ మేసన్, మరో ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన 'డూ బేబీస్ మ్యాటర్?' పుస్తకం, చిన్నపిల్లలుంటే అధ్యాపక వృత్తిలో వెనకబడేది స్త్రీలేనని, పురుషులకు ఆ నష్టం లేదని గణాంకాలతో చూపింది. కుటుంబ వైద్య సెలవు చట్టం మాత్రం తల్లికీ తండ్రికీ తేడా చూపదు. భార్య విద్యార్థినిగా ఉండి ఆ సెలవుకు నోచుకోకపోయినా, ఏడాది దాటిన హెచ్-1బీ ఉద్యోగి భర్తకు అర్హతలుంటే 12 వారాలు వస్తాయి. అవి కాన్పు రోజునే మొదలుపెట్టనక్కర్లేదు, బిడ్డ పుట్టిన 12 నెలల్లోపు వాడుకుంటే చాలు. అమ్మమ్మ తిరుగు విమానం ఎక్కిన వారం, తల్లి థీసిస్ కమిటీ ముందుకెళ్లే వారం కలిసొస్తే, తండ్రి సెలవు ఆ వారమే మొదలవ్వాలి.