మూలన పడిన లాక్టోమీటర్

విజయవాడలో పాలవాడి మీద అనుమానం ముదిరిన ఇంట్లోకి ఏదో ఒక రోజు లాక్టోమీటర్ వచ్చి చేరుతుంది. జానెడు గాజు గొట్టం, కింద ఉబ్బిన బుడ్డి, బుడ్డి అడుగున సీసపు గుళ్ళు. పైనున్న సన్నటి కాడలో చుట్టి పెట్టిన కాగితం మీద పై కొసన ‘డబ్ల్యూ’, కింద ‘ఎం’, మధ్యలో మూడు గుర్తులు. మంచినీళ్ళలో వేస్తే ‘డబ్ల్యూ’ దాకా మునగాలి, చిక్కటి పాలలో ‘ఎం’ దగ్గరే ఆగాలి. కొన్నాళ్ళు పొద్దున్నే పాల పరీక్ష సాగుతుంది. ఒకరోజు పాలు మంచివంటుంది, మర్నాడు నీళ్ళున్నాయంటుంది. ‘అమ్మగారూ, పితికింది పితికినట్టే తెచ్చాను’ అని పాలాయన ఒట్టేస్తాడు. మీగడేమో ఈ బుడ్డి మాటకు పొంతన లేకుండా ఒకరోజు మందంగా, ఒకరోజు పల్చగా కడుతుంది. చివరకు బుడ్డి అటకెక్కుతుంది.

దీని తోడబుట్టిందే ఇంకొకటి వేరే దేశాల్లో మూలన పడి ఉంటుంది. ఇంట్లో బీరు చేసుకోవడం మన రాష్ట్రంలో నేరం. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఫెడరల్ చట్టం దాన్ని అనుమతించింది. అప్పటి నుంచి ఆ సరదాలోకి దిగినవాళ్ళు ముందుగా కొనే సామానులో ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఒకటి. పరీక్షించిన ప్రతిసారీ గ్లాసెడు సరుకు వృథా, చెయ్యి జారితే గాజు ముక్కలు. తర్వాత ఇంకాస్త డబ్బు పోసి, కాంతి వంపును బట్టి చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొంటారు. పులిసి ఆల్కహాలు పుట్టగానే అదీ లెక్క తప్పుతుంది.

అలాగని హైడ్రోమీటర్ దొంగ పరికరమేమీ కాదు. రెండు వందల ఏళ్ళకు పైగా ప్రభుత్వాలు దాని మాట మీదే కోట్ల పన్ను వసూలు చేశాయి. అక్కడ నెగ్గినది వంటింట్లో ఎందుకు ఓడిందో తెలియాలంటే దాని కథ మొదటి నుంచీ చెప్పుకోవాలి.

నీటిలో తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుందని క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ చెప్పాడు. బరువైన ద్రవమైతే కొంచెం తోస్తే చాలు, వస్తువు పైకి తేలుతుంది. తేలికైన ద్రవమైతే ఎక్కువ తోయాలి, లోతుగా మునుగుతుంది. మునిగిన లోతు చూసి ద్రవం సాంద్రత చెప్పొచ్చన్న ఆలోచన పరికరంగా మారినట్టు క్రీ.శ. 400 ప్రాంతపు ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. సైనీసియస్ అనే ఆయన అలెగ్జాండ్రియాలోని గణిత పండితురాలు హైపేషియాకు రాసిన ఉత్తరమది. పిల్లనగ్రోవి అంత గొట్టం కావాలి, దాని మీద నిలువుగా గుర్తులుండాలి, నిటారుగా నిలబడడానికి ఒక కొసన శంకువు ఆకారపు బరువుండాలి, చేయించి పంపమని కోరాడు. ఇవాళ మన చేతికొచ్చే లాక్టోమీటర్ ఆకారం దాదాపు అదే. కాడ సన్నబడే కొద్దీ చిన్న తేడాకే అది ఎక్కువ కదులుతుంది. పనితనమంతా ఆ సన్నదనంలోనే ఉంది.

దీనికి అసలైన ఉద్యోగం ఇచ్చింది ఇంగ్లండు ఎక్సైజ్ శాఖ. సారాయి మీద పన్ను వేయాలంటే పీపాలో ఆల్కహాలు ఎంతో, నీళ్ళెన్నో తేలాలి. నీటికంటే ఆల్కహాలు తేలిక: లీటరు నీళ్ళు కిలో తూగితే లీటరు ఆల్కహాలు 790 గ్రాములే. జాన్ క్లార్క్ చేసిన పరికరాన్ని 18వ శతాబ్దంలో చాలాకాలం వాడారు. తర్వాత ఎక్సైజ్ అధికారి బార్థలోమ్యూ సైక్స్ మరింత కచ్చితమైనది చేశాడు. ఆయన పోయాక 1816లో పార్లమెంటు దాన్ని చట్టబద్ధమైన కొలమానం చేసింది. ఇత్తడి గోళం, కాడకు తగిలించే తొమ్మిది తూకపు బిళ్ళలు చెక్కపెట్టెలో అమర్చి ఉండేవి. వాటి పక్కనే ఒక ఉష్ణమాపకం, వెంట లెక్కల పట్టికల పుస్తకం.

ఉష్ణమాపకం, పట్టికలు లేకుండా సైక్స్ గోళం ఎవరికీ తీర్పు చెప్పలేదు. ద్రవం వేడెక్కితే వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. కాబట్టి రీడింగ్‌తో పాటు వేడి కూడా రాసుకుని, పట్టిక తిరగేసి బలం తేల్చేవారు. ఆ పెట్టె తెల్లవాళ్ళ పాలనతో పాటు మన దేశానికి వచ్చింది. కృష్ణా జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కింద ఉండేది. ఆ పెట్టె పోయినా దాని లెక్క పోలేదు. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అనే వింత అంకె చూసే ఉంటారు. నలభై కాకుండా, నలభై అయిదు కాకుండా ఈ చిల్లర ఎందుకు? సైక్స్ కొలతలో ‘ప్రూఫ్’ సారాయి అంటే 57.1 శాతం ఆల్కహాలు. అందులో నాలుగో వంతు తగ్గించి ముప్పావు తీసుకుంటే వచ్చేది 42.8. సీసా మీద ‘25 యూ.పి.’ అంటే ప్రూఫ్‌కు ఆ పాతిక వంతులు దిగువన ఉన్నదనే.

ఇంతకీ సారాయి దగ్గర దాని మాట ఎందుకు చెల్లింది? అందులో ఉన్నవి ముఖ్యంగా రెండే పదార్థాలు కాబట్టి. ఆల్కహాలు పెరిగితే నీళ్ళు తగ్గాయనే అర్థం, కాబట్టి సాంద్రత ఒక్కటి తెలిస్తే రెండో లెక్క దానంతటదే తేలిపోతుంది. మూడో పదార్థం చేరిందంటే ఆ సుఖం పోతుంది. రంగు కోసం కాల్చిన చక్కెర కలిపిన మద్యాన్ని ప్రయోగశాలలో నేరుగా కొలవరు. ఒకసారి మరిగించి ఆవిరి పట్టి, చక్కెరను అడుగున వదిలేసి, వచ్చిన ద్రవాన్ని కొలుస్తారు. బస్తా తూచి అందులో బియ్యమెంత, నూకలెంత, రాళ్ళెంత అని అడిగితే కాటా ఏం చెబుతుంది? హైడ్రోమీటర్ సంగతీ అంతే. మిథనాల్ దగ్గర ఈ గుడ్డితనం ప్రాణాంతకం. తాగే ఆల్కహాలు సాంద్రత 0.789, చూపు పోగొట్టి చంపే మిథనాల్ సాంద్రత 0.792. ఈ రెంటి మధ్య తేడా పసిగట్టడం ఈ బుడ్డికి చేతకాదు.

ఇక మన కల్లు సంగతి. కృష్ణా డెల్టాలో కాలవగట్ల వెంట, చేలగట్ల మీద తాడిచెట్లే. గెల కోసిన చోట కారే తియ్యటి నీరాలో పది పన్నెండు శాతం దాకా చక్కెర ఉంటుంది. బీరు చేసేవాళ్ళు పులియకముందు ఒక రీడింగ్, పులిశాక ఒక రీడింగ్ తీసి, తేడాను బట్టి ఆల్కహాలు లెక్క కడతారు. 1.050 నుంచి 1.010కి దిగితే సుమారు అయిదు శాతం పైచిలుకు. కల్లుకు ఆ మొదటి రీడింగే దొరకదు. నిన్నటి ఈస్టు అంటుకున్న కుండలో చుక్క పడ్డప్పటి నుంచే పులియడం మొదలు. గీత కార్మికుడు తెల్లవారి చెట్టెక్కి కుండ దించేసరికి చక్కెర కొంత ఆల్కహాలైపోయి ఉంటుంది, కొంత మిగిలి ఉంటుంది. మిగిలిన చక్కెర బుడ్డిని పైకి నెడుతుంది, పుట్టిన ఆల్కహాలు కిందికి దింపుతుంది. పైగా నురగ కక్కే కల్లులో బుడగలు గాజుకు అంటుకుని దాన్ని మరింత ఎత్తుతాయి. అందుకే కల్లు ఎంత పులిసిందో అనుభవజ్ఞుడి నాలుక చెప్పినంత బాగా ఈ పరికరం చెప్పలేదు. పులియకుండా నీరా కావాలంటే కుండకు లోపల సున్నం పూస్తారు. అప్పుడు ఉండేవి ముఖ్యంగా చక్కెర, నీళ్ళే గనక హైడ్రోమీటర్ మళ్ళీ దారిన పడుతుంది. చెరకు రసానికి వాడే బ్రిక్స్ కొలత కూడా నీళ్ళలో చక్కెర లెక్కే.

ఇప్పుడు పాల దగ్గరికొద్దాం. 1840ల ప్రాంతంలో పారిస్‌లో కెవెన్ అనే ఫార్మసీ నిపుణుడు హైడ్రోమీటర్‌ను పాలకు తగ్గట్టు మలిచాడు. నీటి సాంద్రత 1.000 అయితే పాలది 1.030 చుట్టూ ఉంటుంది. ఆ చివరి రెండంకెలనే గుర్తులుగా వేశాడు. 30 అంటే 1.030. పాలలో ఉన్నవి ముచ్చటగా మూడు వర్గాలు: నీళ్ళు, నీటికంటే తేలికైన వెన్న, నీటికంటే బరువైన మిగతా ఘనపదార్థాలు, అంటే మాంసకృత్తులు, లాక్టోజ్, లవణాలు. పాల వ్యాపారంలో ఈ మూడో వర్గాన్నే ‘ఎస్ఎన్ఎఫ్’ అంటారు. వెన్న పెరిగితే బుడ్డి మునుగుతుంది, ఎస్ఎన్ఎఫ్ పెరిగితే తేలుతుంది. గేదెపాలలో రెండూ ఎక్కువే కాబట్టి ఆవుపాల రీడింగ్‌కూ దానికీ పెద్ద తేడా ఉండదు.

మోసగాడికి కావలసిన సందు ఇక్కడే దొరికింది. మంచి గేదెపాల రీడింగ్ 31 అనుకుందాం. మీగడ పూర్తిగా తీసేస్తే తేలికైన భాగం పోయి రీడింగ్ 36 దాకా ఎగబాకుతుంది. ఆ తీసిన పాలు 850 మిల్లీలీటర్లకు 150 మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి. సాంద్రత 1.0306. అంటే వెన్నా పోయి నీళ్ళూ చేరిన పాలకు లాక్టోమీటర్ ‘మేలైన పాలు’ అని కితాబిస్తుంది.

నిజాయతీపరుడికి దీని తీర్పు అంతకంటే అన్యాయం. కెవెన్ గుర్తులు 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 15.6 సెల్సియస్‌కు వేసినవి. విజయవాడ మే నెల వంటింట్లో పాలు 34 డిగ్రీల దగ్గర ఉంటే ఫారన్‌హీట్‌లో అది 93. ఒక్కో ఫారన్‌హీట్ డిగ్రీకి రీడింగ్ 0.1 చొప్పున తగ్గుతుందని పాల కేంద్రాల లెక్క. ముప్ఫై మూడు డిగ్రీల తేడాకు 3.3 పోతుంది. 31 ఉండాల్సిన స్వచ్ఛమైన పాలు 27.7 చూపిస్తాయి. లీటరుకు పదో వంతు నీళ్ళు కలిపినా దాదాపు అంతే చూపిస్తాయి. మన వేడికి సరిపోయేలా 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుర్తులు వేసిన లాక్టోమీటర్లూ ఉన్నాయి. తన చేతిలో ఉన్నది ఏదో చూసుకుని కొన్నవాళ్ళెందరు? మరో చిక్కు: అప్పుడే పితికిన పాలలో గాలి బుడగలుంటాయి, వెన్న ఇంకా గట్టిపడి ఉండదు. కొన్ని గంటలు ఆగితే గానీ అసలు సాంద్రత బయటపడదు. గుమ్మంలో పితికించుకుని అక్కడికక్కడే కొలిచేవారికి పాలాయన దొంగలా కనిపించడం ఇందువల్లే.

మరి ఇదే పరికరం పాల కేంద్రంలో ఎలా పనిచేసింది? కృష్ణా డెల్టాలో వరి కోశాక చల్లిన పిల్లిపెసర, జనుము మేసిన గేదెలు ఊరూరా ఉంటాయి. 1960లలో యునిసెఫ్ సాయంతో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం లేచింది, తర్వాత సహకార సంఘాలు బలపడ్డాయి, రైతు పాలకు రేటు కట్టే పద్ధతి స్థిరపడింది. కేంద్రంలో లాక్టోమీటర్‌కు తోడుగా రెండు దొరికాయి. ఒకటి ఉష్ణమాపకం. రెండోది 1890ల మొదట్లో స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ గెర్బర్ తెచ్చిన వెన్న పరీక్ష. సన్నటి మెడ ఉన్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి మూత బిగిస్తారు. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కి, లోపలి పాలు కాఫీరంగుకు తిరుగుతాయి. యంత్రంలో గిరగిరా తిప్పితే వెన్న అంతా విడిపోయి మెడలో లేత పసుపు స్తంభంలా నిలబడుతుంది. దాని పొడవే ‘ఫ్యాట్’ శాతం.

రెండు అంకెలు చేతికొచ్చాక మోసం దాగదు. ఇంగ్లండు రసాయనవేత్త రిచ్‌మండ్ సూత్రాన్ని మన డెయిరీల్లో ఇలా వాడతారు: వేడి సరిచేసిన రీడింగ్‌లో నాలుగో వంతు, ఫ్యాట్‌లో నాలుగో వంతు, ఆ పైన 0.44 కలిపితే ఎస్ఎన్ఎఫ్. ఇందాకటి రీడింగ్ 30.6నే తీసుకోండి. ఫ్యాట్ 6 ఉంటే ఎస్ఎన్ఎఫ్ 9.59, మేలైన గేదెపాలు. ఫ్యాట్ దాదాపు సున్నా అయితే 8.1, నీళ్ళు దొరికిపోయాయి. లాక్టోమీటర్ రెండుసార్లూ చెప్పింది ఒకే అంకె. పక్కన రెండో సాక్షి నిలబడ్డాక ఆ అంకెకు అర్థం మారింది. నీళ్ళు కప్పిపుచ్చడానికి చక్కెరో ఉప్పో యూరియానో వేస్తే అది నాలుగో పదార్థం. దానికి విడిగా రసాయన పరీక్షలు కావాలి.

తోడు లేకుండా ఈ జాతి పరికరం నేటికీ నిక్కచ్చిగా పనిచేసేచోటు ఒకటి మన ఇళ్ళలోనే ఉంది: ఇన్వర్టర్ బ్యాటరీ. అందులో ఉన్నవి గంధకామ్లం, నీళ్ళు, రెండే. ఛార్జింగ్ నిండితే 1.240 నుంచి 1.280 మధ్య, అయిపోతే 1.150 లోపు. మెకానిక్ రబ్బరు బుడ్డ నొక్కి ఆమ్లం పీల్చి, లోపల తేలే చిన్న గాజుపుల్ల చూసి ఏ అర పాడైందో చెప్పేస్తాడు. పాల లాక్టోమీటర్‌తో మాత్రం ఆ పని ప్రయత్నించకండి, దాని గుర్తులు 1.040 దగ్గరే అయిపోతాయి.

అటకెక్కిన లాక్టోమీటర్‌కూ ఒక తోడు ఇంట్లోనే దొరుకుతుంది. పెరుగు చిలికి వెన్న తీసే ఇళ్ళలో ఫ్యాట్ పరీక్ష తరతరాలుగా జరుగుతూనే ఉంది. 6 శాతం ఫ్యాట్ ఉన్న లీటరు పాలలో అరవై గ్రాముల పైచిలుకు కొవ్వుంటుంది. ఇంటి పద్ధతిలో అదంతా చేతికి రాదు, కానీ అదే ఇంట్లో అదే పద్ధతిలో వారం వారం వచ్చే నెయ్యి తూచి రాసుకుంటే తేడా తెలుస్తుంది. పాలను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ఎప్పుడూ ఒకే వేడి దగ్గర రీడింగ్ తీయండి. రీడింగ్ మారకుండా నెయ్యి సగానికి పడిపోతే మీగడ తీసి నీళ్ళు పోశారన్న అనుమానం గట్టిదే. నెయ్యితో పాటు రీడింగూ పడిపోతే వట్టి నీళ్ళు కలిసి ఉంటాయి. రెండూ నిలకడగా ఉన్నంతకాలం నీళ్ళ సంగతి పాలాయనతో ఎత్తాల్సిన పని లేదు.