కూరమడికి చోటు చూస్తున్నారా?

సందు చివర బేకరీ. మూల మీద చిప్స్, నూడుల్స్ వేలాడే కిరాణా కొట్టు. ఫోన్ చేస్తే బిర్యానీ గుమ్మం ముందుకే వస్తుంది. కానీ పప్పులోకి రెండు కట్టల తాజా తోటకూర కావాలంటే? వారం సంత దాకా ఆగాలి. లేదంటే ఆటో ఎక్కాలి. నగర శివార్లలో చాలా కాలనీలదీ, వాటి పక్కనుండే బస్తీలదీ ఇదే పరిస్థితి. అక్కడ తిండికి కొరత లేదు. మంచి తిండికే కొరత.

రోజుకు 2,000 కిలోక్యాలరీల ఆహారం తీసుకునేవారి పళ్లెంలో ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. మరోవైపు దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆకుకూరలు తినకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. అయినా అవి నడిచి వెళ్లేంత దగ్గర్లో దొరికితే తినడం తేలికవుతుంది. అందుకే కలిసి పెంచుకునే ఉమ్మడి తోటల ఆలోచన మంచిదే. చిక్కల్లా చోటు ఎంచుకోవడంలోనే.

ముందు మనుషుల్ని చూడండి

ఖాళీ స్థలం ఎక్కడుందన్నది రెండో ప్రశ్న. ఎవరికి కూరలు అందడం లేదన్నది మొదటి ప్రశ్న. రైతుబజారు, సంత, తోపుడుబండి వచ్చే వీధులను కాగితం మీద గుర్తించండి. మిగిలిన ఇళ్లే మీ తోటకు అసలు కేంద్రం. అక్కడి నుంచి పిల్లలూ, పెద్దవాళ్లూ పెద్ద రోడ్డు దాటకుండా పది నిమిషాల్లో నడిచి రాగలగాలి. అపార్ట్‌మెంటు గేటు లోపల తోట వేసి తాళం పెడితే, గోడ అవతలి బస్తీకి అది ఉన్నా లేనట్టే. అంగన్‌వాడీ, ప్రభుత్వ బడి ఆవరణలను తప్పక పరిశీలించండి. బడుల్లో పోషకాహార తోటలు పెంచేందుకు కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

మట్టి పాత కథ అడగండి

చాలామంది కన్ను ముందుగా పెద్ద రోడ్డు పక్కనున్న ఖాళీ ప్లాటు మీదే పడుతుంది. అక్కడే జాగ్రత్త అవసరం. మన దేశంలో 2000 సంవత్సరం దాకా సీసం కలిపిన పెట్రోలు వాడారు. మట్టిలో చేరిన సీసం ఏళ్లు గడిచినా అక్కడే ఉండిపోతుంది. పాత రంగుల పెచ్చులు, బ్యాటరీల పని, మెకానిక్ షెడ్లు, చెత్త తగలబెట్టిన చోట్లు కూడా అనుమానించదగ్గవే.

పిల్లల విషయంలో ఇంతవరకైతే ఫర్వాలేదనే సీసం మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎక్కువైతే రక్తహీనతా వస్తుంది. అంటే ఒంటికి రక్తం పట్టాలని పెట్టిన కూరే చేటు చేయొచ్చన్నమాట! ఆకుల మీద పడ్డ దుమ్ము కడిగితే పోతుంది. వేళ్ల ద్వారా లోపలికి చేరింది పోదు. ఆకుకూరలు, దుంపలతో పోలిస్తే వంకాయ, టమాటా, చిక్కుడు వంటి కాయల్లోకి సీసం తక్కువగా చేరుతుంది.

స్థలంలో ఇంతకుముందు ఏముండేదో చుట్టుపక్కల పెద్దవాళ్లను అడగండి. తర్వాత మట్టిని పరీక్షకు పంపండి. ఒక విషయం గుర్తుంచుకోండి. భూసార కార్డులో చూసే 12 అంశాల్లో సీసం ఉండదు. భారలోహాల పరీక్షను విడిగా అడిగి చేయించుకోవాలి. అనుమానం తీరకపోతే నేల మీద మందపాటి గుడ్డ పరిచి, అడుగెత్తు మడులు కట్టి, శుభ్రమైన మట్టీ కంపోస్టూ నింపుకోవాలి.

ఎండ, నీళ్లు, కాగితం

* ఎండ: కాయగూరలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు నాలుగు గంటలున్నా నెట్టుకొస్తాయి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు వెళ్లి నీడ ఎటు పడుతోందో చూడండి.
* నీళ్లు: ఎండాకాలంలోనూ పారే కుళాయో, బోరో దగ్గర్లో ఉండాలి. మురుగునీరు వద్దే వద్దు. కలుషితమైన మూసీ నీటితో పండించిన ఆకుకూరల్లో భారలోహాలు ఉన్నట్టు పరిశోధనల్లో బయటపడింది. నీళ్ల డ్రమ్ములకు మూతలు పెట్టండి. వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది కడగండి. లేకపోతే తోటతో పాటు డెంగీ దోమలూ పెరుగుతాయి.
* అనుమతి: కాలనీ ఖాళీ స్థలమైతే మునిసిపాలిటీ అనుమతి, ప్రైవేటు ప్లాటైతే యజమానితో రాతపూర్వక ఒప్పందం తీసుకోండి. మట్టిని బాగుచేయడానికే ఒకటి రెండు సీజన్లు పడుతుంది. కాపుకొచ్చే వేళకు ఖాళీ చేయమంటే చేసిన శ్రమంతా వృథా.

వాళ్లు ముందు జాబితా రాశారు

అర్జెంటీనాలోని రొసారియో నగరం దీనికి మంచి ఉదాహరణ. 2001లో ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలింది. కుటుంబాలు కూరలు పండించుకునేలా ఆ నగరపాలక సంస్థ 2002లో ఒక పథకం మొదలుపెట్టింది. ముందుగా నగరంలోని ఖాళీ స్థలాల జాబితా రాసి, సాగుకు పనికొచ్చేవాటిని పేదలకు అప్పగించింది. ఇరవై ఏళ్లు నిలిచిన ఆ కృషికి 2021లో అంతర్జాతీయ బహుమతి దక్కింది.

మీరూ అలాగే మొదలుపెట్టొచ్చు. వచ్చే ఆదివారం ఉదయం నలుగురు కలిసి కాలనీ అంతా ఒక చుట్టు తిరగండి. బస్తీ నుంచి ఇద్దరు అక్కలను తప్పక వెంట తీసుకెళ్లండి. కూరల కోసం ఎంత దూరం నడుస్తున్నామో వాళ్లకే బాగా తెలుసు. కనిపించిన ప్రతి చోటికీ దూరం, మట్టి, ఎండ, నీళ్లు, అనుమతి అనే ఐదింటికి మార్కులు వేయండి. మట్టి విషయంలో తప్పిన చోటుకు మిగతా నాలుగింటిలో ఎన్ని మార్కులొచ్చినా పక్కన పెట్టేయండి. విత్తనాలు ఆ తర్వాతే కొనండి.