బొక్కల రోగం, బోరు లెక్క

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరోసిస్ అంటే ఎరుక లేనోళ్లు లేరు. పండ్లు గారవడ్తయి, బొక్కలు వంకర్లు పోతయి. గది డాక్టర్ల పని అనుకుంటం. కానీ వంగిన బొక్కను మళ్ల సక్కగ జేసే గోలీ లేదు. అసలు కత భూమిల మొదలైతది.

చెరువు ఎండింది, రైతు బోరేసిండు. అదీ ఎండితే ఇంకింత లోతుకు పోయిండు. రాతి పొరలల్ల ఏండ్ల తరబడి నిలిచిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పే. పాలు, రాగులు దొరకక కాల్షియం తక్కువైన పేదింటి పిల్లలకు గవే నీళ్లు ఇంకా ఎక్కువ దెబ్బ గొడ్తయి. చింతపండు తింటే ఒంట్ల ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ పోతదని హైదరాబాద్‌ల జాతీయ పోషకాహార సంస్థ సైంటిస్టులు పరీక్షలు జేసి చెప్పిన్రు.

అంటే చెరువు, బోరు, పొయ్యి, దవాఖాన అన్నీ ఒక్క గొలుసే. మరి సర్కారుల? చెరువు ఒక శాఖది, నల్లా ఇంకొకటిది, అంగన్‌వాడీ గుడ్డు మరొకటిది. ఎవలి ఫైలు వాళ్లదే. కృష్ణా నీళ్లు నల్లాలల్ల వచ్చినంక గోస తగ్గిన మాట నిజమే. కానీ పైపు పలిగి నాలుగొద్దులు బందైతే మళ్ల బోరే దిక్కు.

గందుకే తమ్మీ, చెల్లే, గ్రామసభల అందర్ని ఒక్కతాన కూసోబెట్టి అడుగుండ్రి: మా బడి బోరుల ఫ్లోరైడ్ ఎంత? నల్లా బందైతే ఏం తాగాలె? చెరువు ఎప్పుడు నింపుతరు? ఈ మూడిట్ల ఒక్కటి ఇడిసినా, రోగం ఆ సందులకెళ్లే మళ్ల వస్తది.