ఎర్ర లైటు దగ్గర ఆగని కారు

మా పాత కారు కార్బ్యురేటరు కాలం నాటిది. ఈ చలికాలం ఎర్ర లైటు దగ్గర ఆపినా ముందుకు తోసుకుపోయేది. ఒకరోజు మంచు మీద జారి, ముందు కారుకు జానెడు దూరంలో ఆగాము. వెనక సీట్లో పిల్లలు.

కొలిచి చూస్తే నిమిషానికి 1200 చుట్లు. బానెట్ కింద చీటీలో ఉన్నది 750. చల్లటి ఇంజను చోక్ మీద వేగంగా తిరగడం సహజమే. వేడెక్కాక కూడా దిగకపోతేనే రోగం.

జ్వరం తగ్గించే ముందు కారణం వెతకమని మాకు నేర్పారు. వెంటనే స్క్రూ తిప్పితే జబ్బు దాగుతుంది, పోదు. చోక్ పూర్తిగా తెరుచుకుంది; యాక్సిలరేటరు తీగ బిగుసుకోలేదు. ఫానుకు దూరంగా ఉండి చెవి పెడితే బుస్సుమని చప్పుడు. రబ్బరు గొట్టం ఒకటి చిట్లి గాలి పీలుస్తోంది! దాన్ని నొక్కి పట్టగానే ఇంజను శాంతించింది. కొత్త గొట్టం వేసి, ఆ పైన స్క్రూ కొద్దిగా తిప్పితే 750కి వచ్చింది.

ఒక్క హెచ్చరిక. తలుపు తెరిచి ఉన్నా సరే, గారేజీలో ఇంజను నడపకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు; ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. చలి అనుకోక, కోటు తొడుక్కుని ఆరుబయటే చేసుకోండి.